సులేమా కొట్టని దెబ్బ

"బొంబోని బస్సు టాపు మీద కట్టి, ఎండలో తెచ్చిన మహానుభావుడెవరు?"

రమీరోతో సులేమా అన్న మొదటి మాట అది. పలకరింపు లేదు, కూర్చోమనడం లేదు. వాకిట్లో నిలబడ్డ కుర్రాణ్ణి కాదు, వాడి చంకలో ఉన్న డోలునే ఆమె చూసింది. మేకతోలు ఈ అంచు నుంచి ఆ అంచుకు చీలిపోయి ఉంది.

"నేనే," అన్నాడు రమీరో.

"పెళ్ళయిందా నీకు?"

"లేదు. ఎందుకు?"

"ఏం లేదు. పిల్లల్ని కూడా టాపు మీదే కట్టేస్తావేమోనని."

ఎవరినైనా మొదటి మాట నుంచే నువ్వు అనెయ్యడం సులేమా అలవాటు. ఊళ్ళో పండు ముసలివాళ్ళని తప్ప ఎవరినీ మీరు అనదు. దానికి ఎన్నిసార్లు తిట్లు తిన్నా మానలేదు.

మా పూకాయాకులో బొంబోలు చేసేది ఆమె తండ్రి ఇలారియో ఒక్కడే. సెయ్‌బో చెట్టు మొద్దును తొలిచి, రెండు వైపులా తోలు బిగించి ఆయన చేసిన డోలంటే సాంతియాగో రాష్ట్రమంతటా పేరు. తోలు నానబెట్టడం, గుంజి బిగించడం, ఆరబెట్టడం సులేమా పని. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంటికి పెద్దదిక్కు అమ్మమ్మ, దోన్యా జోవిత.

రమీరో బ్యూనస్ ఐరిస్ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. నలుగురి బ్యాండ్‌లో వయొలిన్ వాయిస్తాడు. వాళ్ళ నాయనమ్మది మా సలాదో నది అవతలి పల్లె. పెళ్ళయిన కొత్తలో రైలెక్కి రాజధానికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. వంటింట్లో ఆమె తీసే కూనిరాగాలు వింటూ మనవడు మా వాళ్ళు జంటకట్టి ఆడే చకరేరా రాగాలు నేర్చుకున్నాడు. బ్యాండ్ డోలు పాతబడిపోతే, ఇలారియో దగ్గరికి నేను తీసుకెళ్తానని తనే ముందుకొచ్చాడట. నాయనమ్మ పోయి అప్పటికి ఆరు నెలలు.

కొత్త తోలు బిగించి ఆరబెట్టడానికి కనీసం పది రోజులు పడుతుందని ఇలారియో చెప్పాడు. ఉండిపోతానన్నాడు రమీరో. కార్నివాల్ అయిపోయిన బుధవారం బస్సుకి వెళ్తే చాలు అతనికి. ఆ తరువాత బ్యాండ్ దేశం దక్షిణపు కొసదాకా ఏడాది ప్రయాణం పెట్టుకుంది. పక్కింటి దోన్ సెగుందో తన సావిట్లో మంచం వేయించాడు. సెగుందోకి డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాలి నొప్పి, సగం చెవుడు. కబుర్లు చెప్పడానికి మనిషి దొరికితే అదే పదివేలు ఆయనకు.

సాయంత్రాలు రమీరో వయొలిన్ తీస్తే సులేమా తోలు గీకుతూనే వినేది. మూడో రోజు ఉండబట్టలేక చెప్పేసింది, నువ్వు పేపరు చదువుతున్నట్టు వాయిస్తున్నావని. తప్పెక్కడుందో చూపించమన్నాడు. తప్పు లేకపోవడమే తప్పంది. మా దగ్గర వయొలిన్ వాయించేవాళ్ళు మేకల వెంట తిరుగుతూ నేర్చుకున్నవాళ్ళు. కాల్లో ముల్లు గుచ్చుకుంటే వాళ్ళ రాగం కూడా కుంటుతుంది. ఆ కుంటు నడక రమీరోకి చేతకాదు. వయొలిన్ పక్కన పెట్టించి, అతని చేతికి రెండు కర్రలిచ్చి డోలు ముందు కూర్చోబెట్టింది.

"ఒక కర్ర తోలు మీద, ఒకటి చెక్క అంచు మీద. లెక్కపెట్టకు."

"లెక్కపెట్టకపోతే ఎక్కడున్నానో ఎలా తెలుస్తుంది?"

"ఇక్కడే ఉన్నావు, నా ఎదురుగా. ఇంకెక్కడికి పోతావు?"

అనేసి నాలుక కరుచుకుంది. అతను నవ్వలేదు. ఆ సాయంత్రమంతా కర్రలు తప్పుతూనే ఉన్నాయి, ఇద్దరికీ.

ఆరో రోజు వాన పడింది. తోళ్ళన్నీ దండెం మీద ఉన్నాయి. ఇద్దరూ పరుగెత్తి ఒక్కొక్కటే లోపల పడేశారు. చివరి తోలు విప్పేసరికి ఇంటిదాకా వెళ్ళే వీల్లేనంత జోరు. దాన్నే నెత్తిన కప్పుకుని అల్గరోబో చెట్టు మొదట్లో నిలబడ్డారు. పచ్చితోలు వాసన తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

"ఇంత కంపు నా జన్మలో ఎరగను," అన్నాడు రమీరో.

"అయితే బయటికి పో. వాన శుభ్రంగానే ఉంది."

అతను పోలేదు. వాన తగ్గింది, చినుకులు ఆగాయి, మేకలు బయటికొచ్చి వీళ్ళకేసి చూశాయి. ఇద్దరూ ఇంకా తోలు కిందే ఉన్నారు. జోవితమ్మ గుమ్మంలోకి వచ్చి, ఆ తోలుని ఆరబెడుతున్నారా లేక మేపుతున్నారా అని అడిగితే గానీ కదల్లేదు.

కార్నివాల్ ముందు గురువారం మా ఊళ్ళో కలయిక. ఆడవాళ్ళంతా ఒక వరస, మగవాళ్ళంతా ఒక వరస. మైదానం రెండు కొసల నుంచి బయలుదేరి, మధ్యలో పచ్చకొమ్మలతో కట్టిన కమాను దగ్గర ఎదురుపడతారు. ఎవరికి ఎవరు ఎదురైతే వాళ్ళు కమాను కింద మూడుసార్లు అటూ ఇటూ దాటి, ఒకరి తలకొకరు రొట్టె కిరీటం పెట్టి, మొహాన గంజిపిండి చల్లి కౌగలించుకుంటారు. ఆ క్షణం నుంచి అతను ఆమెకి కొంపాద్రే, ఆమె అతనికి కొమాద్రే. తోడబుట్టిన వాళ్ళ కంటే గట్టి ముడి అది. ఒకరి కష్టానికి ఒకరు నిలబడాలి. ఒకరినొకరు మీరు అనాలి. పోట్లాడుకోకూడదు. పెళ్ళి మాట మనసులో కూడా అనుకోకూడదు. ఆ హద్దు దాటిన ఆడది అల్మాములా అయిపోయి, గొలుసులు ఈడ్చుకుంటూ అడవిలో తిరిగే ఆడ కంచరగాడిద అవుతుందని మా ఊరి ముసలమ్మలు ఇప్పటికీ నమ్ముతారు.

అందుకే ఆ పొద్దున మా కుర్రకారు అంతా లెక్కల్లో పడతారు. మనసుపడ్డ పిల్ల ఎన్నో చోట నిలబడిందో చూసుకుని, తాము ఆ చోటు కాకుండా నిలబడతారు. ముందున్నవాడు ఒక్కడు దగ్గుతూ పక్కకి తప్పుకుంటే చాలు, వెనకవాడి గుండె ఆగినంత పనవుతుంది.

సులేమాకి ఆ బెంగ ఎప్పుడూ లేదు. బొంబో ఆమెది. బొంబో కొట్టేవాళ్ళు ఆడవాళ్ళ వరసలో చివర నడవాలి. మగవాళ్ళ వరసలో చివర మోకాలి నొప్పితో సెగుందో నడుస్తాడు. ఏడేళ్ళుగా ఆయనే ఆమెకి కొంపాద్రే. ఆమె నడక దెబ్బ కొడితేనే వరసలు కదులుతాయి. కదిలాక, చివరి జంట కమాను దాటేదాకా దెబ్బ ఆగకూడదు. ఆగితే ఆ ఏడు ఊరికి కీడంటారు.

ఇవేవీ రమీరోకి తెలియవు. ఎదురుపడిన జంట కిరీటాలు మార్చుకుని కౌగలించుకుంటారని మాత్రం తెలుసు. నాయనమ్మ వంటింట్లో అంతవరకే చెప్పింది. ఈ ఒక్కసారికి మీ చోటు నాకివ్వండని సెగుందోని బతిమాలాడు. అన్నీ తెలిసే అడుగుతున్నాడనుకున్నాడు ముసలాయన. పట్నం పిల్లాడికి మా ఇంటి పిల్లను తోబుట్టువు చేసుకోవాలని ఎంత మంచి బుద్ధి పుట్టిందో అని మురిసిపోయాడు కూడా.

సులేమా దెబ్బ వేసింది. వరసలు కదిలాయి. సగం దూరం నడిచాక దుమ్ము కాస్త తేరింది. అవతలి వరస చివర రమీరో కనిపించాడు, చెవిలో తులసి వాసన వేసే అల్బాకా రెమ్మ, చేతిలో కిరీటం.

ఆమె తల అడ్డంగా ఊపింది. సిగ్గు పడుతోందనుకుని అతను నవ్వాడు. గడ్డం ఎత్తి, పక్కకి పొమ్మని సైగ చేసింది. అతను వెనక్కి చూసి, ఎవరూ లేకపోతే మళ్ళీ నవ్వాడు. ముందు నడుస్తున్న స్నేహితురాలు దెల్ఫీనా సంగతి గ్రహించి, ఆపెయ్యవే అని గొణిగింది. ఆపితే ఊరికి కీడు. ఆపకపోతే ఆమెకు. అడుగడుగుకీ ఆమె డోలే అతన్ని దగ్గరికి తెస్తోంది.

కమాను కింద మొదటిసారి దాటేటప్పుడు, పారిపో అంది. రెండోసారి దాటేటప్పుడు, ఎందుకు అన్నాడు. మూడోసారి జవాబు చెప్పేలోపు ఊరంతా పిండి చల్లేసింది. రమీరో ఆమె తల మీద కిరీటం పెట్టాడు.

"కొమాద్రే," అన్నాడు సంబరంగా, అందరూ అంటున్నట్టే.

ఊరు చూస్తోంది. జవాబు చెప్పి తీరాలి.

"కొంపాద్రే," అంది సులేమా. "మీరు చల్లగా ఉండాలి."

ఆమె తనని మీరు అనడం అదే మొదటిసారి. కౌగిలి మధ్యలోనే అతని నవ్వు సన్నగిల్లింది.

మాంసం కూరిన ఎంపనాదలు వేయించే పొయ్యి వెనక దెల్ఫీనా అతన్ని నిలబెట్టి సంగతంతా చెప్పింది. అంటే చెల్లెలితో సమానమా అని అడిగాడు.

"చెల్లెలైతే నయం. జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. కొమాద్రేతో అదీ కుదరదు."

మొహాన పిండి కడుక్కోకుండానే రమీరో జోవితమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె మాతే ఆకు కషాయానికి నీళ్ళు కాస్తోంది. తెలియక చేశానన్నాడు.

"నీకు తెలియకపోతే కమానుకి తెలియదా?" అంది ఆమె.

విప్పే దారి లేదా అని అడిగాడు. ఆమె చాలాసేపు కెటిల్ కేసే చూసింది. నీళ్ళు మరిగిపోయాయి, మాతేకి పనికిరాకుండా పోయాయి. ఆమె జీవితంలో నీళ్ళు మరగనివ్వడం అదే మొదలు.

దారి ఉంది. వచ్చే ఏడు ఇదే గురువారం ఇద్దరూ వరసల్లో నిలబడాలి. ఇద్దరూ వేరేవాళ్ళకి ఎదురుపడి దాటాలి. అప్పుడు ఈ ముడి విడిపోతుంది. మళ్ళీ వీళ్ళిద్దరే ఎదురుపడితే ముడి కొత్తదవుతుంది. ఇద్దరిలో ఒకరు రాకపోయినా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, మరో ఏడాది.

"వస్తాను," అన్నాడు రమీరో.

"బస్సెక్కే వాళ్ళందరూ ఆ మాటే అంటారు. మా ఆయన చెరకు కోతకని తుకుమాన్ వెళ్తూ అన్నాడు. యాభై ఆరేళ్ళయింది. ఆ రోజు ఆయన కోసమని మూతపెట్టిన పళ్ళెం ఎన్నాళ్ళు తీయలేదో నీకు చెప్పినా అర్థం కాదు."

అతను మొహాన పిండి తుడుచుకున్నాడు.

"నీకింకో షరతు," అంది ఆమె. "ముడి ఉన్నన్నాళ్ళూ నువ్వు దానికి కొంపాద్రేవే. వస్తానని చెప్పకు, ఎదురు చూడమనకు. మనసులో మాట ఒక్కటి పైకి రాకూడదు. వస్తే రా. రాకపోతే, నువ్వు వస్తావనుకున్నానని అది ఎవరికీ చెప్పుకోవలసిన పని ఉండకూడదు."

ఒప్పుకున్నాడు. ముడి విప్పే దారి ఊరందరిలాగే సులేమాకీ తెలుసు, ఈ షరతు సంగతే తెలియదు.

కార్నివాల్ నాలుగు రోజులూ ఒకే వీధిలో తిరిగారు, మీరెలా ఉన్నారంటే మీరెలా ఉన్నారని. చకరేరా మొదలైతే అతను వయొలిన్ వెనక, ఆమె డోలు వెనక. జంట కట్టి ఆడడానికి లేదు. బుధవారం బస్సు దగ్గరికి ఇలారియో కొత్త తోలు వేసిన బొంబోని మోసుకొచ్చాడు.

"వెళ్ళొస్తాను, కొమాద్రే."

"జాగ్రత్తగా వెళ్ళండి. డోలుని ఒళ్ళో పెట్టుకోండి."

ఒళ్ళోనే పెట్టుకున్నాడు. కిటికీలోంచి అతని మొహం కనబడకుండా డోలు అడ్డమొచ్చింది. మా ఊరి బస్సుకి ఒక గుణం ఉంది, మనుషుల్ని తీసుకెళ్ళడం మాత్రం ఎన్నడూ మరవదు. దుమ్ము అణిగేదాకా సులేమా అక్కడే నిలబడింది. తరువాత ఇంటికొచ్చి, అవసరం లేకపోయినా నాలుగు తోళ్ళు నానబెట్టింది.

ఆ ఏడాది ఆమె ఒక చోట కుదురుగా కూర్చోలేదు. పది రోజులకో వారానికో ఫోన్‌లో వాయిస్ మెసేజ్ వచ్చేది. గౌరవనీయులైన కొమాద్రే అని మొదలయ్యేది. ఇక్కడ గాలి ఎక్కువ, చేతులు కొంకర్లు పోతున్నాయి, మీ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది, మీ అమ్మమ్మగారికి నా నమస్కారాలు. మధ్యలో ఎక్కడైనా ఒక మాట జారుతుందేమోనని ఆమె మేకల దొడ్లో కూర్చుని మూడేసి సార్లు వినేది. జారేది కాదు. అందరం క్షేమం, మీ క్షేమం కోరుతున్నాం అని జవాబిచ్చేది.

జూలై మాకు నడి చలికాలం. ఆ చలికి సెగుందో పోయాడు. రమీరోకి తెలియజేస్తే మాటలు లేవు, వయొలిన్ ఒక్కటే పంపాడు. చకరేరా. పేపరు చదువుతున్నట్టు లేదు. అడుగు తీసి అడుగు వేయలేక ముసలాయన నడిచినట్టే కుంటుతోంది. సులేమా అది వింటూ ఏడ్చింది. చివర మాత్రం అతని గొంతు వచ్చింది, మీ దుఃఖంలో పాలుపంచుకునే మీ కొంపాద్రే అని. ఫోన్ తీసుకెళ్ళి గడ్డివాములో పారేసింది. సాయంత్రం మళ్ళీ తనే వెతుక్కుంది.

అతనికి ఆ కొంపాద్రే వరస నచ్చినట్టుందే అని దెల్ఫీనాతో అంది. మగవాళ్ళకి వరస కలిస్తే బాధ్యత తీరుతుందని దెల్ఫీనా అంది. సులేమా ఆ నెల బిగించిన తోళ్ళలో రెండు చిట్లిపోయాయి. ఇలారియో చిట్లిన తోళ్ళని చూశాడు, కూతురి చేతుల్ని చూశాడు.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. కలయికకి రెండు రోజుల ముందు, బయలుదేరాను కొమాద్రే, దైవానుగ్రహం అని రెండు ముక్కలొచ్చాయి. ఎందుకు బయలుదేరాడో, ఎక్కడికో లేదు. ఆ సాయంత్రమే గాలివానకి ఫోన్ టవర్ కూలింది.

రెండు రోజులు వాన. గురువారం పొద్దున వెలిసింది. పది గంటల బస్సు పదకొండుకి రాలేదు, పన్నెండుకి రాలేదు. సలాదో గట్టు దాటి పొంగడంతో రోడ్డు తెగిందని గుర్రం మీద వచ్చిన వాడెవడో చెప్పాడు. ఎక్కడ తెగింది, బస్సు ఇవతలుందా అవతలుందా అని సులేమా అడిగింది. వాడికి తెలియదు.

ఒంటిగంటకి వరసలు నిలబడ్డాయి. ఆడవాళ్ళు ఇరవై ఇద్దరు, మగవాళ్ళు ఇరవై ఒక్కరు. ఆడవాళ్ళ వరస మొదట్లో జోవితమ్మ, ఆమెకి ఎదురుగా మగవాళ్ళ వరస మొదట్లో ఇలారియో. అత్తా అల్లుళ్ళు ముప్పై ఏళ్ళుగా కొమాద్రే కొంపాద్రేలు. ఇంట్లో పోట్లాటలు రాకుండా మొదటి ఏడే పెద్దలు కుదిర్చిన ఏర్పాటు. మగవాళ్ళ వరస చివర సెగుందో చోటు ఖాళీ. సులేమా ఎదురుగా ఎవరూ లేరు.

ఆమె కర్ర ఎత్తింది.

"కాసేపు చూడవా?" అని వినిపించింది.

జోవితమ్మ. వరస మొదలు వదిలి ఆమె చివరికి రావడం ఊళ్ళో ఎవరూ ఎరగరు.

"ఎవరి కోసం?" అంది సులేమా. "అతనికి నేను కొమాద్రేని. ఏడాదిలో నలభై సార్లు చెప్పాడు. రాకపోయినా అతనికి పోయేదేం లేదు."

"చెప్పమన్నది నేను."

సులేమా కర్ర దించలేదు, కొట్టలేదు.

"మనసులో మాట అననని మాట తీసుకున్నాను," అంది జోవితమ్మ. "వస్తానని కూడా చెప్పొద్దన్నాను. ఏడాదంతా మెసేజ్‌లు పెట్టినవాడు, ఒక్కసారీ మాట తప్పలేదు. నేను నీకు చెప్పి ఉండాల్సింది. భయపడ్డాను. నువ్వు కూడా పళ్ళెం మీద మూతపెట్టుకుని కూర్చుంటావేమోనని."

"అయితే ఇప్పుడు దెబ్బ వేస్తే?"

"ఇంకో ఏడాది."

జోవితమ్మ మెల్లగా తన చోటికి నడిచి వెళ్ళింది. ఊరంతా సులేమా చేతికేసి చూస్తోంది. సులేమా కర్ర దించి, చెక్క అంచు మీద కొట్టింది. నడక దెబ్బ కాదు. చకరేరా. అది మొదలుపెట్టి ఆపలేదు.

మొదట నవ్వులు. తరువాత గుసగుసలు. రెండో చకరేరాకి అందరికీ అర్థమైపోయింది, ఈ పిల్ల ఎవరి కోసం ఊరిని ఎండలో నిలబెట్టిందో. అంతమంది ముందు అంతకంటే గట్టిగా చెప్పే మార్గం ఆమెకి తెలియదు. గుప్పెట్లో పిండి చెమటకి ముద్దవుతోందని దెల్ఫీనా అంది. కిరీటాలు మెత్తబడుతున్నాయని కసాయి భార్య అంది. మేకలు ఆగవమ్మా పాలు పితకాలి అని ఎవరో అన్నారు. ఎవరూ వరస మాత్రం కదల్లేదు.

మూడో చకరేరా, నాలుగోది, ఐదోది. ఆమె కళ్ళు రోడ్డు మీద, తుమ్మచెట్ల మధ్య, మళ్ళీ రోడ్డు మీద. తేమకి తోలు వదులవుతోంది, మోత చచ్చిపోతోంది. ఇలారియో తన చోటు వదిలి వచ్చి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె కొడుతుండగానే డోలు తాళ్ళు ఒక్కొక్కటే లాగి బిగించాడు. బిగించి, లేచి తన చోటికి వెళ్ళాడు. అప్పటిదాకా ఏడవని సులేమా అప్పుడేడ్చింది, దెబ్బ తప్పకుండా.

ఏడో చకరేరా సగంలో తుమ్మచెట్ల మధ్య నుంచి రమీరో వచ్చాడు. పాంటు మోకాళ్ళదాకా మడిచి, తల మీద వయొలిన్ పెట్టె, ఒంటినిండా బురద. గండి పడిన చోట బస్సు దిగి మూడు గంటలు నడిచాడట. డోలు వినబడగానే అయిపోయిందనుకున్నాడు. నడక దెబ్బ కాదని చెవికి తెలిశాక పరుగెత్తాడు.

ఆయాసంతో వచ్చి మగవాళ్ళ వరస కేసి చూశాడు. ఖాళీ ఉన్నది ఒక్కటే చోటు. సెగుందో చోటు. సులేమాకి సరిగ్గా ఎదురు.

ఆలస్యంగా వచ్చినవాడు చివర నిలబడాలి, అది పద్ధతి అని ఎవరో పెద్దాయన అన్నాడు. నిజమే, పద్ధతే. అక్కడ నిలబడితే ముడి కొత్తదవుతుంది. సులేమా చేతులు ఎనిమిదో చకరేరాలోకి జారాయి. ఇంకెన్ని వాయించగలదు.

ఇలారియో వరస మొదలు నుంచి బయటికొచ్చాడు. తాపీగా, ఇరవై మందినీ దాటుకుంటూ చివరికి నడిచాడు. కూతురి ఎదురుగా ఖాళీ చోట్లో నిలబడ్డాడు.

"తండ్రీ కూతుళ్ళకి ముడి పడదు కదా," అన్నాడు జోవితమ్మతో, అంత దూరం నుంచే. "కన్న ముడి మీద ఇంకో ముడి నిలవదని మీరే చెప్పేవారు."

"చెప్పాను," అంది జోవితమ్మ. "ఇక్కడ నా ముందు చోటు ఖాళీ అయింది. ఎవరైనా నిలబడతారా, లేక ఈ ముసల్ది గాలికి కిరీటం పెట్టాలా?"

రమీరో వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. వయొలిన్ పెట్టె ఎవరో అందుకున్నారు.

సులేమా ఒక్క క్షణం డోలు ఆపింది. తరువాత నడక దెబ్బ వేసింది.

వరసలు కదిలాయి. కమాను కింద మొదటి జంటగా జోవితమ్మ, రమీరో మూడుసార్లు దాటారు. ఆమె అతని బురద తల మీద కిరీటం పెట్టి, పిండి మొహమంతా రుద్దింది. కౌగిలి వదిలాక చెప్పింది, కొమాద్రే ఇంట భోజనం చేయకుండా కొంపాద్రే వెళ్ళకూడదని, ఆ ఇంట్లో అడగాల్సినది ఏమైనా ఉంటే భోజనాల దగ్గర అడగవచ్చని, కాదనే హక్కు ఇక తనకి లేదని. చివరి జంటగా ఇలారియో కూతురి ముక్కు మీద వేలెడు పిండి పెట్టాడు. ముప్పై ఏళ్ళకి అత్తగారితో పోట్లాడే స్వేచ్ఛ దొరికింది, రేపు పొద్దున్నే మొదలుపెట్టాలి అని ఆమె చెవిలో అన్నాడు.

అందరూ కలిసిపోయారు. పిండి పొగలా లేచింది. ఆ తెల్లటి గందరగోళంలో ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుని, దొరికాక ఏం చేయాలో తెలియక నిలబడ్డారు. ఆమె అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. అతను వాటికేసి చూశాడు, ముట్టుకోలేదు.

"తిరుగు బస్సు ఎప్పుడు?" అంది సులేమా. ఏడాదిగా లోపల దాచుకున్న ప్రశ్న అది.

"దారి తెగింది కదా."

"దారి బాగయ్యాక?"

"అప్పుడూ లేదు. బ్యాండ్‌కి వేరే మనిషిని కుదిర్చి వచ్చాను. ఊరికే చెప్పడం లేదు. కావాలంటే వాడి ఫోన్ నంబరిస్తాను, అడుగు."

ఆమె నిజంగానే అడుగుదామనుకుంది. టవర్ కూలిందని గుర్తొచ్చి ఊరుకుంది.

"మరి ఇప్పుడు మనం ఏమవుతాం?" అన్నాడు రమీరో.

సులేమా అటూ ఇటూ చూసింది. అమ్మమ్మ ఎవరికో మాతే అందిస్తోంది. నాన్న కమాను కొమ్మలు విప్పుతున్నాడు.

"ఏమీ కాము," అంది. "నీకూ నాకూ ఏ సంబంధమూ లేదు."

ఆ రోజు మా ఊళ్ళో అంత సంతోషంగా ఇంకెవరూ ఏ మాటా అనలేదు. ఇంకోసారి చెప్పమన్నాడు రమీరో. ఆమె మళ్ళీ చెప్పింది.